తెల్లవారితే శుక్రవారం: పెళ్లి ఫొటోలను తేదీల ఫోల్డర్లలో సర్దిన షెల్ స్క్రిప్టు

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో ఉన్న ఫొటో స్టూడియో ఇది. సీజన్‌లో మూడు బృందాలు పెళ్లిళ్లకు వెళ్తాయి. ఒక్కో బృందంలో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఒక వీడియోగ్రాఫర్ ఉంటారు. పెద్ద పెళ్లి అయితే బయటి నుంచి డ్రోన్ మనిషి వస్తాడు. తెచ్చిన మెమరీ కార్డులన్నీ వెనక గదిలోని లైనక్స్ కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి. అక్కడి నుంచి సాంబా (లైనక్స్ ఫోల్డర్లను విండోస్ కంప్యూటర్లకు చూపించే ప్రోగ్రాం) ద్వారా ఎడిటర్లు తమ విండోస్ కంప్యూటర్లలో తెరుచుకుని, మంచివి ఏరి, ఆల్బమ్ డిజైనర్‌కు ఇస్తారు. ఆ లైనక్స్ కంప్యూటర్‌ను, ఇలాంటివే మరికొన్ని చిన్న సంస్థల కంప్యూటర్లను చూసుకోవడం నా పని.

యజమాని చెప్పిన ఫిర్యాదు రెండు వాక్యాల్లో ముగిసింది. “ఫొటోలు పోతున్నాయని నేనంటాను, పోలేదు, దొరకడం లేదని మా కుర్రాళ్లంటారు. ఆల్బమ్ అడిగే పెళ్లివారికి రెండూ ఒకటే కదండీ.”

2024 మే, జూన్ నెలల్లో మూఢం కారణంగా ముహూర్తాలు లేవు. స్టూడియోకు అది పనిలేని కాలం, నాకు పని చేసుకునే కాలం. ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చేలోగా కొత్త ఏర్పాటు నడవాలన్నది ఒప్పందం.

పాత స్క్రిప్టు

గతంలో అక్కడ పనిచేసిన ఒకరు రాసిపెట్టిన బ్యాష్ స్క్రిప్టు, అంటే లైనక్స్ ఒకదాని వెంట ఒకటి నడిపే కమాండ్ల జాబితా, గట్టిగా పన్నెండు లైన్లు. రాత్రి 11.55కు క్రాన్ (చెప్పిన వేళకు పనులు నడిపే లైనక్స్ ఏర్పాటు) దాన్ని లేపుతుంది. అది ఆ రోజు తేదీతో ఒక ఫోల్డర్ చేసి, ‘ఇన్‌బాక్స్’ అనే డైరెక్టరీలో పగలంతా పోగైన ఫైళ్లను అందులోకి కాపీ చేసి, ఇన్‌బాక్స్‌ను ఖాళీ చేస్తుంది. ఒక్క బృందం, ఒక్క కెమెరా ఉన్న రోజుల్లో రాసింది. ఆ రోజులకు సరిపోయింది కూడా. స్టూడియో పెరిగింది, స్క్రిప్టు పెరగలేదు.

ముందుగా కంటికి కనిపించే లోపం ఫోల్డర్ పేరు. రోజు, నెల, ఏడాది వరుసలో ఉంది. మనం చేత్తో రాసుకునే వరుస అదే కానీ, కంప్యూటర్ పేర్లను ఎడమ నుంచి అక్షరం తరువాత అక్షరం పోల్చి వరసపెడుతుంది. అందువల్ల ఫిబ్రవరి 1, మార్చి 1, ఏప్రిల్ 1 ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఫిబ్రవరి 2 ఎక్కడో దిగువన ఉంటుంది. ఏడాది, నెల, రోజు వరుసలో, నెలకూ రోజుకూ రెండేసి అంకెలతో, మధ్యలో అడ్డగీతతో రాస్తే పేరు వరుస, కాలం వరుస ఒకటే అవుతాయి. తేదీలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పే వరుస కూడా అదే. డేట్ కమాండ్‌లో పర్సెంట్ గుర్తు పక్కన క్యాపిటల్ ఎఫ్ పెడితే నేరుగా ఆ రూపమే వస్తుంది. విడివిడిగా రాసేవారు ఒకటి గమనించాలి: చిన్న ఎం అంటే నెల, పెద్ద ఎం అంటే నిమిషాలు. 47వ నెల ఉన్న ఫోల్డర్లు చాలాచోట్ల చూశాను. మధ్యలో అడ్డగీతకు బదులు స్లాష్ పెడితే అది పేరులో భాగం కాదు, ఒకదానిలో ఒకటిగా మూడు డైరెక్టరీలు అవుతుంది. సమయం కూడా చేర్చాలనుకుని కోలన్ పెడితే లైనక్స్ ఒప్పుకుంటుంది కానీ విండోస్ ఒప్పుకోదు. సాంబా అప్పుడు ఆ పేరును గుర్తుపట్టలేని పొట్టి పేరుగా మార్చి చూపిస్తుంది.

రెండో లోపం లూప్‌లో, అంటే ప్రతి ఫైలుకూ తిరిగి నడిచే భాగంలో ఉంది. ఒక్కో ఫైలుకూ ఫోల్డర్ పేరు కోసం డేట్ కమాండ్‌ను మళ్లీ మళ్లీ పిలుస్తోంది. 64 జీబీల కార్డు నిండా ఫొటోలుంటే, సెకనుకు 90 ఎంబీల వేగంతో కాపీ కావడానికి సుమారు 12 నిమిషాలు పడుతుంది. 11.55కు మొదలైన పని అర్ధరాత్రి దాటుతుంది. దాటిన క్షణం నుంచి మిగిలిన ఫైళ్లన్నీ మర్నాటి ఫోల్డర్‌లోకి వెళ్తాయి. కుర్రాళ్లు ‘దొరకడం లేదు’ అన్న ఫైళ్లలో సగం ఇవే. తేదీని స్క్రిప్టు మొదట్లో ఒక్కసారి అడిగి ఒక వేరియబుల్‌లో దాచుకుంటే ఈ చిక్కు ఉండదు.

మూడోది యజమాని మాటను నిజం చేసింది. ఫొటోలు నిజంగానే పోయాయి.

కెమెరాలు డీసీఎఫ్ అనే ప్రమాణం ప్రకారం పేర్లు పెడతాయి: నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. 9999 తరువాత మళ్లీ 0001. ఒకే కంపెనీవి రెండు కెమెరాలు ఒకే పెళ్లిలో ఉంటే, రెండింటిలోనూ 0412 సంఖ్య గల ఫొటో ఉండడం వింతేమీ కాదు. ఇన్‌బాక్స్‌లో కార్డుకో ఫోల్డర్ ఉన్నా, స్క్రిప్టు అన్నింటినీ కలిపి ఒకే తేదీ ఫోల్డర్‌లో పోసేది. కాపీ చేసే సీపీ కమాండ్‌కు ఏమీ చెప్పకపోతే, అదే పేరుతో ఉన్న ఫైలు మీద మారుమాట లేకుండా కొత్తది రాసేస్తుంది. అనుమానం వచ్చి ఒక ఫిబ్రవరి పెళ్లి ఫోల్డర్ మీద, ఫొటోలోపలి సమాచారాన్ని చదివే ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాం నడిపి, ఫైలు పేరు, కెమెరా సీరియల్ నంబరు పక్కపక్కన వేయించాను. మొదటి మూడు వందల పైచిలుకు ఫొటోలు ఒక కెమెరావి. 0381 నుంచి 0690 దాకా అన్నీ రెండో కెమెరావి, మధ్యలో ఒక్కటైనా మొదటి కెమెరాది లేదు. ఆపైన మళ్లీ మొదటిదే. రెండు కెమెరాల సంఖ్యలు ఎక్కడ కలిశాయో అక్కడ, చివర కాపీ అయినది మాత్రమే మిగిలింది. ఫార్మాట్ చేయకుండా ఉన్న కార్డుల నుంచి కొన్ని తిరిగి దొరికాయి. మిగతావాటికి దారి లేదు.

నాలుగోది ఇంకా ప్రమాదకరం కానీ అదృష్టం బాగుండి జరగలేదు. సీపీ తరువాతి లైనులోనే ఇన్‌బాక్స్‌ను తుడిచేసే ఆర్ఎం ఉంది. కాపీ విజయవంతమైందా లేదా అన్న ప్రశ్న మధ్యలో లేదు. డిస్కు నిండిపోయి సీపీ సగంలో ఆగినా ఆర్ఎం తన పని తాను చేసుకుపోతుంది. ప్రతి కమాండూ ముగిసేటప్పుడు ఒక సంఖ్య చెప్పిపోతుంది. సున్నా అయితే సవ్యం, మరేదైనా అయితే తేడా. దాన్ని చూడకుండా తుడిచే పని పెట్టకూడదు. నా కొత్త స్క్రిప్టులో అసలు తుడిచే లైనే లేదు. కార్డును తుడిచేది మనిషే, అదీ కెమెరాలో ఫార్మాట్ చేసే.

ఏ తేదీ?

పై లోపాలన్నీ ఒక పూటలో సరిదిద్దగలిగినవే. అసలు ప్రశ్న మరొకటి: ఫోల్డర్ మీద రాయాల్సిన తేదీ ఏది? దీనికి జవాబు తేలకుండా స్క్రిప్టు మొదలుపెట్టడం వృథా.

పాత స్క్రిప్టు కాపీ చేసిన తేదీని వాడింది. సీజన్‌లో బృందం పెళ్లి నుంచి పెళ్లికి నేరుగా వెళ్లిపోతుంది. కార్డులు రెండు మూడు రోజుల తరువాత చేరతాయి. అప్పుడు మూడు పెళ్లిళ్లూ ఒకే ఫోల్డర్‌లో పడతాయి. కాపీ తేదీ కంప్యూటర్‌కు తెలుసు, పెళ్లివారికి దానితో సంబంధం లేదు.

ఫైలు మార్పు సమయాన్ని వాడవచ్చు. కానీ మామూలు సీపీ దాన్ని కాపీ చేసిన క్షణానికి మార్చేస్తుంది. చిన్న పి ఆప్షన్ ఇస్తేనే పాతది నిలుస్తుంది. కార్డు మీద ఉన్న సమయం కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. 32 జీబీలు, అంతకంటే చిన్న కార్డుల్లో ఉండే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను కార్డు మీద అమర్చే పద్ధతి) స్థానిక గడియారం ప్రకారం సమయం రాస్తుంది, ఏ టైమ్ జోన్ అన్నది రాయదు, రెండేసి సెకన్ల లెక్కలోనే రాస్తుంది. ఆ సమయాన్ని యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకునేలా కార్డును మౌంట్ చేస్తే, అంటే కంప్యూటర్‌కు తగిలిస్తే, ఐదున్నర గంటలు ముందుకు జరుగుతుంది. సాయంత్రం ఆరున్నర తరువాత తీసిన ఫొటోలన్నీ మర్నాటివైపోతాయి.

మిగిలింది ఫొటోలోపలే ఉండే ఎగ్జిఫ్ సమాచారం. షట్టర్ పడిన సమయం అందులో ఉంటుంది. కాపీ చేసినా, పేరు మార్చినా, సాంబా దాటినా మారదు. దాన్ని చదవడానికి ఎగ్జిఫ్‌టూల్‌ను మించింది నేను చూడలేదు. కెమెరా కంపెనీలు ఎవరికివారు పెట్టుకున్న రహస్య గదులను కూడా తెరిచి చూపిస్తుంది. కాబట్టి షట్టర్ సమయంతో ఫోల్డర్ చేద్దామన్న నిర్ణయానికి వచ్చి, పరీక్షకు పాత పెళ్లిళ్లతో పోల్చిచూద్దామని స్టూడియో బుకింగ్ రిజిస్టర్ అడిగాను.

రిజిస్టర్‌లో ఒక పద్దు ఇలా ఉంటుంది: “15-02-24, గురు, రా. 2.15, తె. శుక్ర.” అంటే గురువారం రాత్రి 2.15 గంటలకు ముహూర్తం, తెల్లవారితే శుక్రవారం. శుభలేఖ మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది, అర్ధరాత్రితో కాదు. కెమెరా మాత్రం ఆ ముహూర్తాన్ని ఫిబ్రవరి 16, తెల్లవారుజాము 2.15 అని రాసుకుంటుంది. షట్టర్ తేదీతో ఫోల్డర్లు చేస్తే వరపూజ, ఎదురుకోలు ఒక ఫోల్డర్‌లోకి, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు మరో ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ముహూర్తం రాత్రి 11.50 అనుకోండి, జీలకర్ర బెల్లం ఒక తేదీలో, పది నిమిషాల తరువాతి తలంబ్రాలు మరో తేదీలో పడతాయి. మన పెళ్లిళ్లలో రాత్రి ముహూర్తాలు ఎన్ని ఉంటాయో తెలిసిందే. ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే అవాంతరం కాదు, సగం బుకింగ్‌ల సంగతి.

యజమానిని అడిగితే ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. “పెళ్లి గురువారానిది కదండీ. శుక్రవారం అనే మాట ఎక్కడినుంచి వచ్చింది?” అన్నారు. ఎడిటర్లు, డిజైనర్, పెళ్లివారు అందరూ వెతికేది గురువారం కిందే. కాబట్టి ఫోల్డర్ తేదీ అంటే శుభలేఖ తేదీ. కంప్యూటర్ చేయాల్సింది షట్టర్ సమయం నుంచి దాన్ని రాబట్టడం.

ఆరు గంటలు వెనక్కి

కోస్తాలో సూర్యోదయం ఏడాది పొడవునా సుమారు ఐదున్నరకూ ఆరున్నరకూ మధ్య ఉంటుంది. ప్రతి ఫొటో సమయం నుంచి ఆరు గంటలు తీసేసి, అప్పుడు వచ్చిన తేదీని ఫోల్డర్‌కు పెట్టుకుంటే పని అయిపోతుంది. శుక్రవారం తెల్లవారుజాము 2.15 లోంచి ఆరు తీస్తే గురువారం రాత్రి 8.15. అప్పగింతలు ఐదింటికి జరిగినా గురువారం కిందే ఉంటాయి. రోజూ సూర్యోదయం ఎప్పుడో లెక్కగట్టించడం కూడా సాధ్యమే కానీ ఇక్కడ అంత నిష్ఠ అక్కర్లేదు.

ఇంత చిన్న తీసివేతలోనూ ఒక గొయ్యి ఉంది. లైనక్స్‌లో ఉండే జీఎన్‌యూ డేట్ కమాండ్‌కు తేదీ, సమయం ఇచ్చి, వాటి పక్కనే ‘మైనస్ 6 అవర్స్’ అని రాస్తే అది ఆరు గంటలు తీసివేయదు. సమయం వెనకే వచ్చిన మైనస్ 6 ను టైమ్ జోన్‌గా తీసుకుంటుంది, అంటే యూటీసీకి ఆరు గంటలు వెనకున్న ప్రాంతం అనుకుంటుంది. మిగిలిన ‘అవర్స్’ మాటను ఒక గంట కలపమన్నట్టు చదువుతుంది. ఫిబ్రవరి 16, 2.15 ఇస్తే ఫిబ్రవరి 15 రాత్రి 8.15 రావాలి. వచ్చేది ఫిబ్రవరి 16 మధ్యాహ్నం 2.45. తప్పని చెప్పదు, హెచ్చరిక ఇవ్వదు, చూడటానికి సరైన తేదీలాగే ఉంటుంది. ‘6 అవర్స్ అగో’ అని రాస్తే సరిగ్గా వస్తుంది. నేను అదీ నమ్ముకోకుండా సెకన్లలోకి దిగాను: 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల సంఖ్య తీసుకుని, 21,600 తీసేసి, తిరిగి తేదీగా మార్చడం. ఎగ్జిఫ్ తేదీ భాగంలోనూ కోలన్లు ఉంటాయి కాబట్టి డేట్ కమాండ్ దాన్ని నేరుగా మింగదు. ఎగ్జిఫ్‌టూల్‌నే సెకన్ల రూపంలో ఇవ్వమంటే ఆ మార్పిడి బాధ తప్పుతుంది.

ఎగ్జిఫ్‌టూల్‌ను ఫైలుకు ఒకసారి చొప్పున పిలవడం కూడా తప్పించాను. అది పెర్ల్ అనే భాషలో రాసిన ప్రోగ్రాం. లేచిన ప్రతిసారీ కొంత సమయం తింటుంది. రెండు వేల ఫైళ్లున్న కార్డు మీద రెండు వేల సార్లు లేపితే కాపీ కంటే ఎదురుచూపే ఎక్కువవుతుంది. కార్డు మొత్తం మీద ఒక్కసారి నడిపి, ఫైలు దారి, సెకన్లు, సీరియల్ నంబరు ట్యాబులతో విడదీసిన లైన్లుగా రాబట్టి, ఆ లైన్లను స్క్రిప్టులోని వైల్ లూప్ ఒక్కొక్కటిగా చదువుతుంది.

ఇంట్లో ఫోన్ ఫొటోలు సర్దుకోవాలనుకునేవారికి ఇంత అక్కర్లేదు. ఎగ్జిఫ్‌టూల్ ఒక్క కమాండ్‌తోనే తేదీల ఫోల్డర్లు చేస్తుంది. గ్లోబల్‌టైమ్‌షిఫ్ట్ అనే ఆప్షన్‌తో గంటలు వెనక్కి జరపడం కూడా దానికి వచ్చు. మామూలుగా అది ఫైళ్లను కాపీ చేయదు, తరలించేస్తుంది. నకలు కావాలంటే చిన్న ఓ ఆప్షన్ చేర్చాలి. స్టూడియోకు సరిచూసే అంచె, మినహాయింపుల పట్టిక కావలసివచ్చాయి కాబట్టి స్క్రిప్టు రాశాను.

మినహాయింపులు ఎందుకంటే, ఆరు గంటల లెక్కకు లొంగనివి కొన్ని ఉన్నాయి. పగలు ముహూర్తమైతే పెళ్లికూతురి అలంకరణ నాలుగింటికే మొదలవుతుంది. మంగళస్నానాలు తెల్లవారకముందే అయిపోతాయి. అవి శుభలేఖ తేదీకి చెందినవే కానీ లెక్క వాటిని ముందురోజులోకి తోసేస్తుంది. ఫొటోల మధ్య పెద్ద విరామం ఎక్కడుందో చూసి రోజును అక్కడ కోయడం ఒక ఉపాయం. మూడు నాలుగు గంటలు కెమెరా మూగబోయిందంటే అది నిద్రపోయిన వేళ. పద్ధతి చక్కగానే పనిచేస్తుంది కానీ ఏ ఫొటో ఎందుకు ఎక్కడ పడిందో కార్డులెక్కించే కుర్రాడికి వివరించడం కష్టం. అతనికి అర్థం కాని నియమం నాలుగు రోజుల్లో మొరాయిస్తుందని నా నమ్మకం. అందుకే ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టాను. లైనుకు ఒక బుకింగ్: రిజిస్టర్ సంఖ్య, శుభలేఖ తేదీ, పని మొదలైన సమయం, ముగిసిన సమయం. ఫొటో ఆ మధ్యలో ఉంటే శుభలేఖ తేదీ, ఏ బుకింగ్‌లోనూ లేకపోతే ఆరు గంటల లెక్క. మేనేజర్ వారానికి ఒకసారి రిజిస్టర్ చూసి ఎక్కిస్తాడు. ఎక్కించడం మరిచినా రాత్రి పెళ్లిళ్లు సరిగ్గానే పడతాయి.

వీడియోలు వేరే తలనొప్పి. ఎంపీ4 ఫైళ్లలో సమయం యూటీసీలో ఉండాలన్నది నియమం. ఫోన్లు దాన్ని పాటిస్తాయి, చాలా కెమెరాలు పాటించకుండా స్థానిక సమయమే రాస్తాయి. రెండింటినీ ఒకే లెక్కలో వేస్తే ఏమవుతుందో చూడండి: ఫోన్‌లో ఉదయం పదిన్నరకు తీసిన క్లిప్ యూటీసీలో ఐదు గంటలు. అందులోంచి ఆరు తీస్తే ముందురోజు రాత్రి పదకొండు. అలా ఉదయం పదకొండున్నర లోపు తీసిన ఫోన్ వీడియోలన్నీ నిన్నటి ఫోల్డర్‌లోకి పోతాయి. ఏ పరికరం ఏ పద్ధతి పాటిస్తుందో పరికరాల పట్టికలో ఒక గడిగా చేర్చాను. ఎగ్జిఫ్‌టూల్‌లో దీనికి క్విక్‌టైమ్‌యూటీసీ అనే అమరిక ఉంది.

గడియారాలు

అదే పట్టికలో ప్రతి కెమెరా సీరియల్ నంబరు పక్కన ఒక అక్షరం, ఒక సవరణ ఉంటాయి. అక్షరం ఫోల్డర్ కోసం: తేదీ ఫోల్డర్ కింద బుకింగ్ సంఖ్య, దాని కింద కెమెరా అక్షరం. ఒకే పేరున్న రెండు ఫొటోలు ఇక ఎదురుపడవు. పెళ్లివారి ఇంటిపేర్లు ఫోల్డర్లకు పెట్టే అలవాటు మాన్పించాను. రిజిస్టర్ సంఖ్య చాలు. పేర్లలో ఖాళీలు వచ్చినా స్క్రిప్టు తట్టుకుంటుంది, ప్రతి వేరియబుల్ చుట్టూ జంట కొటేషన్లు ఉన్నాయి. అయినా ఒకే ఇంటిపేరుతో ఒకే వారంలో రెండు పెళ్లిళ్లు మా వైపు మామూలే.

సవరణ ఎందుకంటే కెమెరా గడియారాలు అబద్ధమాడతాయి. అద్దెకు తెచ్చినది పన్నెండు గంటలు తేడాగా ఉంటుంది, ఉదయం, సాయంత్రం తారుమారు చేసి పెట్టి ఉంటారు. చాలాకాలం బ్యాటరీ లేకుండా పడి ఉన్నది ఎప్పటిదో పాత తేదీకి వెళ్లిపోతుంది. బృందం బయలుదేరేముందు కెమెరాలన్నింటితో ఒకే ఫోన్ గడియారాన్ని ఒక్కో ఫొటో తీయాలని నియమం పెట్టాం. ఆ ఫొటోలో కనిపించే సమయానికీ ఎగ్జిఫ్ సమయానికీ ఉన్న తేడాయే సవరణ. సెకన్లతో సహా తెలుస్తుంది, ఇద్దరు ఫొటోగ్రాఫర్ల ఫొటోలను ఆల్బమ్‌లో ఒకే వరుసలో పెట్టడానికి డిజైనర్‌కు అదే కావాలి. సవరణను లెక్కలో మాత్రమే వాడతాను, అసలు ఫైలులోని ఎగ్జిఫ్‌ను ముట్టుకోను. ముట్టుకుంటే తరువాత సరిచూసే దారి మూసుకుపోతుంది.

నకలు తీసి సరిచూడటం

కార్డు పెట్టగానే చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంట్ చేస్తాను. పొరపాటున కూడా దాని మీద ఏదీ రాయబడదు. కార్డు లేబుల్‌ను నమ్మను. ఒకే కంపెనీ కెమెరాలో ఫార్మాట్ అయిన కార్డులన్నింటికీ ఒకే లేబుల్ ఉంటుంది. రెండు రీడర్లలో రెండు పెడితే రెండోదాని పేరు చివర 1 చేరుతుంది, తీసి పెట్టే వరుసను బట్టి ఆ 1 చేతులు మారుతుంది. ఎవరి కార్డన్నది సీరియల్ నంబరే చెబుతుంది.

కాపీ మొదలవడానికి ముందు కార్డులో ఎంత ఉంది, డిస్కులో ఎంత ఖాళీ ఉంది అని చూసి, చాలకపోతే అక్కడే ఆగిపోతుంది. తరువాత ఒక్కో ఫైలును గమ్యం ఫోల్డర్‌లోనే, చుక్కతో మొదలయ్యే తాత్కాలిక పేరుతో కాపీ చేస్తుంది. పూర్తయ్యాక, పేరు మార్చే ఎంవీ కమాండ్‌తో అసలు పేరు పెడుతుంది. ఒకే ఫైల్ సిస్టమ్‌లో పేరు మార్పు ఒక్క దెబ్బలో జరిగిపోతుంది, సగం పేరు మారడం అనేది ఉండదు. ఎడిటర్లు సాంబాలో ఆ ఫోల్డర్‌ను తెరిచి కూర్చున్నా సగం కాపీ అయిన ఫొటో వారి చేతికి చిక్కదు. మధ్యలో కరెంటు పోయి మళ్లీ నడిపినప్పుడు, అసలు పేరుతో ఫైలు అప్పటికే ఉంటే రెండింటి ఎస్‌హెచ్‌ఏ 256 సంఖ్యలు (ఫైలులోని ప్రతి బిట్టు నుంచి లెక్కగట్టే వేలిముద్రలాంటివి) పోలుస్తుంది. ఒకటే అయితే వదిలేస్తుంది, వేరైతే పేరు చివర అంకె చేర్చి పక్కన పెడుతుంది. దేని మీదా దేన్నీ రాయదు. ఒకే కార్డును పదిసార్లు ఎక్కించినా నష్టం లేదు. సీజన్‌లో ‘ఇది ఎక్కించామా లేదా’ అన్న వాదనలు ఇక ఉండవు.

సరిచూడటంలో చాలామంది దాటవేసేది ఒకటుంది. కాపీ అయిన వెంటనే గమ్యం ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ సంఖ్య తీస్తే, లైనక్స్ ఆ ఫైలును డిస్కు నుంచి చదవదు. ఇప్పుడే రాసింది కాబట్టి ఇంకా ర్యామ్‌లోని పేజీ క్యాష్‌లో ఉంటుంది, అక్కడినుంచే ఇస్తుంది. డిస్కు మీద చెత్త పడినా సంఖ్య సరిపోతుంది. అందుకే కార్డు మొత్తం కాపీ అయ్యాక సింక్ కమాండ్‌తో రాయాల్సినదంతా డిస్కు మీదికి పంపి, పేజీ క్యాష్‌ను ఖాళీ చేయించి, అప్పుడు కార్డునూ డిస్కునూ మళ్లీ మొదటినుంచి చదివి పోలుస్తుంది. దీనివల్ల పావుగంట పని అరగంట అవుతుంది. యజమాని మొదట గొణిగారు. పాడైన రీడర్ ఒకటి ఇదే అంచెలో పట్టుబడ్డాక ఆ ఊసు ఎత్తలేదు. సంఖ్యల జాబితా ప్రతి తేదీ ఫోల్డర్‌లోనూ ఒక టెక్స్ట్ ఫైలుగా ఉంటుంది. నెలకోసారి దానితో పాత ఫోల్డర్లన్నింటినీ సరిచూసే పని వేరే నడుస్తుంది. ఈ ఫోల్డర్ల నకలును ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం రాత్రిపూట రెండో డిస్కు మీదికి పంపుతుంది.

కార్డులెక్కించే పనికి మాత్రం క్రాన్‌ను మానేశాను. కార్డు ఎప్పుడొస్తుందో గడియారానికి తెలియదు. కుర్రాడు కార్డు పెట్టి, తెర మీది బొమ్మను నొక్కుతాడు. రెండుసార్లు నొక్కినా రెండో స్క్రిప్టు మొదలవకుండా ఎఫ్‌లాక్ అనే కమాండ్ అడ్డుపడుతుంది. చివర తెర మీద పచ్చగా ఫైళ్ల సంఖ్య కనబడితే కార్డు కెమెరావారికి వెళ్తుంది. ఎర్రగా కనబడితే కార్డును మేనేజర్ సొరుగులో వేయాలి, ఎవరూ ఫార్మాట్ చేయకూడదు. ఆర్‌సింక్ పని ఇంకా క్రాన్‌లోనే ఉంది. క్రాన్ పనుల జాబితా అయిన క్రాన్‌ట్యాబ్ లైనులో నేరుగా తేదీ రాయాలనుకునేవారికి ఒక మాట: అక్కడ పర్సెంట్ గుర్తును క్రాన్ కొత్త లైనుగా తీసుకుని కమాండ్‌ను అక్కడే నరికేస్తుంది. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేదా కమాండ్‌ను స్క్రిప్టు ఫైలులో దాచి క్రాన్‌కు ఫైలు పేరు మాత్రమే ఇవ్వాలి. టెర్మినల్‌లో చక్కగా నడిచింది రాత్రి క్రాన్‌లో ఎందుకు నడవలేదని నన్ను అడిగేవారిలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయి ఉంటారు. మిగతావారికి పాత్ వేరియబుల్ (కమాండ్లను వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా) సంగతి: క్రాన్‌కు తెలిసిన దారులు బహు తక్కువ, కమాండ్లకు పూర్తి దారి రాయడమే క్షేమం.

శ్రావణం

ఆగస్టులో ముహూర్తాలు మొదలయ్యాయి. రాత్రి పెళ్లిళ్లు రిజిస్టర్ తేదీల కిందే చేరాయి. ఎడిటర్లు ఏ ఫోల్డర్ తెరవాలో అడగడం మానేశారు. ఒకసారి పట్టికలో లేని అద్దె కెమెరా వచ్చింది. స్క్రిప్టు దానికి అక్షరం లేదని ఎర్రగా చూపి, ఫైళ్లను కాపీ చేసి, సీరియల్ నంబరు పేరుతోనే ఒక ఫోల్డర్‌లో పెట్టింది. అలా పెట్టడమే మేలు. తెలియనిదాన్ని ఊహించి ఎక్కడో సర్దేస్తే తరువాత వెతకలేం.

ఇంకా చేతితో చేసేవి ఉన్నాయి. బంధువులు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు ఆల్బమ్‌లో పెట్టమని పెళ్లివారు అడుగుతారు. వాట్సాప్ దారిలోనే ఎగ్జిఫ్‌ను తీసేస్తుంది, ఫైలు పేరులో కనిపించే తేదీ తీసినది కాదు, అందినది. ఆ పేరును చూసి తేదీ పెట్టడానికి స్క్రిప్టుకు అనుమతి ఇవ్వలేదు. ఎగ్జిఫ్ తేదీ లేనివి, 2000 కంటే ముందు తేదీలున్నవి, రేపటి తేదీ ఉన్నవి అన్నీ ‘తేదీలేనివి’ అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. డ్రోన్ మనిషి ఇచ్చే పెన్‌డ్రైవ్ కూడా చాలాసార్లు అక్కడికే చేరుతుంది, అతను ముందే ఎడిట్ చేసి ఇస్తాడు కాబట్టి అసలు సమయం మిగలదు. సోమవారం ఉదయం మేనేజర్, కుర్రాడు రిజిస్టర్ ముందేసుకుని ఆ ఫోల్డర్‌ను ఖాళీ చేస్తారు. చీర రంగు చూసి ఏ పెళ్లో చెప్పడంలో ఆ కుర్రాడికి సాటి లేదు.